ఓజెల్లా అక్క ఇంటికి వెనక మెట్ల మీదుగా

మా ఓజెల్లా అక్క పోయి వచ్చే జూన్‌కి రెండేళ్ళు. మా ఆయన హోసియా అప్పటికే మంచంలో ఉన్నాడు, నేను వెళ్ళలేకపోయాను. సమాధి చేసిన రోజున చదివిన కాగితం ఒకటి షికాగో చర్చివాళ్ళు నాకు పంపారు. ఎక్కడ పుట్టింది, ఎప్పుడు బాప్తిస్మం తీసుకుంది, మాంసం ఫ్యాక్టరీలో ఎన్నేళ్ళు చేసింది, వెనక ఎవరు మిగిలారు. కూతురు ఎర్లీన్, చెల్లెలు వెర్సీ. అంతా కలిపి అరపేజీ. అందులో తప్పేమీ లేదు. కానీ అది చదివిన వాళ్ళకి మా అక్క ఎలాంటిదో తెలియదు. నేను మొదటిసారి షికాగో వెళ్ళిన రోజు ఆమెను చూసి ఉంటే తెలిసేది.

అక్క నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. మిసిసిప్పిలో గ్రీన్‌వుడ్ పక్కన పత్తి చేలల్లో పెరిగాం. ఇద్దరం చెరో సాలు పట్టుకుంటే నేను సగానికి వచ్చేసరికి అక్క తన సాలు ముగించి, నా సాలులో అటు చివర నుంచి ఎదురు ఏరుకుంటూ వచ్చేది.

"ఒసే నత్తా, నీకోసం పొద్దు ఆగుతుందనుకున్నావా?" అనేది. తిట్టేది గానీ నా సంచిలోనే వేసేది.

రంపం మిల్లులో దుంగ దొర్లి ఆమె మొగుడు పోయాడు. అప్పటికి ఎర్లీన్‌కి రెండేళ్ళు నిండలేదు. అక్క పిల్లను నా ఒళ్ళో పెట్టి, "ఆరు నెలలే. చోటు చూసుకుని పిలిపించుకుంటా," అని రైలెక్కింది. ఆరు నెలలు ఆరేళ్ళయ్యాయి. నాకు ఇద్దరు పుట్టి నిలవలేదు. ఎర్లీన్ నన్ను అమ్మా అని పిలిచేది, అక్కని షికాగో అమ్మ అనేది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు లోపల హాయిగా ఉండేది. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

యాభై ఒకటి జులైలో ఉత్తరం వచ్చింది. తానుంటున్న ఇంట్లోనే పెద్ద గది దొరికిందట, బడి రెండు వీధుల అవతలేనట, బడి తెరిచేలోగా పిల్లను తీసుకు రమ్మంది. ఉత్తరం హోసియా చదివాడు. చదివి, మడిచి, "దాని బిడ్డేగా వెర్సీ," అని మాత్రం అని పశువుల దగ్గరికి వెళ్ళిపోయాడు.

నేను ఆ వారమంతా బట్టలు ఉతుకుతూ ఒక అబద్ధం తయారు చేసుకున్నాను. పిల్లకి ఛాతీ బలం లేదని, చలి ఊళ్ళో ఉంచితే బతకదని డాక్టరు అన్నాడని చెప్పాలి. మా నల్లవాళ్ళ డాక్టరు ఏ కాగితమూ రాసివ్వడు, కాబట్టి అక్క కాగితం అడగదు. పిల్లను తల్లికి చూపించి, నాలుగు రోజులుండి, మళ్ళీ వెంటబెట్టుకు వచ్చేద్దామని నా ఆలోచన.

రైల్లో మా నల్లవాళ్ళ పెట్టెలో కూర్చున్నాం. వేయించిన కోడి, ఉడికిన గుడ్లు బూట్ల అట్టపెట్టెలో పెట్టుకున్నాం. కెయిరో ఊరు దాటాక, అంటే వేరు పెట్టెల చట్టం లేని ఉత్తరాదిలోకి వచ్చాక, రైల్లో పనిచేసే మా నల్లాయన ఒకరు వచ్చి, "అమ్మా, ఇక్కణ్ణించి మీ ఇష్టమొచ్చిన పెట్టెలో కూర్చోవచ్చు. ముందు పెట్టెలో గాలి బాగా వస్తుంది," అన్నాడు.

"మాకిక్కడ బానే ఉందండీ," అన్నాను.

"అందరూ అదే అంటారు," అని నవ్వుకుంటూ పోయాడు.

షికాగో స్టేషన్‌లో దిగి, అక్క రాసి పంపిన చిరునామా టాక్సీ అతనికి చూపించాను. పొద్దున షిఫ్టు ముగించుకుని మధ్యాహ్నానికల్లా ఇంటిదగ్గర ఉంటానని రాసింది. అతను మమ్మల్ని వీధి మలుపులో దింపి, అదిగో అని వేలు చూపించి వెళ్ళిపోయాడు.

మూడంతస్తుల ఇల్లు. బూడిదరంగు రాయి, వెడల్పాటి మెట్లు, ఇత్తడి పిడి ఉన్న గాజు తలుపు. మలుపులోంచి చూస్తే ముందు మెట్ల దగ్గర నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు, వాళ్ళ మొహాలు నాకు ఆనలేదు. అంత ఇంట్లో మా అక్క ఉంటుందంటే ఫ్యాక్టరీ పని కాక తెల్లవాళ్ళింట్లో పనికి కూడా కుదిరి, లోపల ఏదో గదిలో ఉంటూ ఉంటుందనుకున్నాను. అటువంటి ఇంటికి ముందు వైపు నుంచి వెళ్ళడం నేనెరగను. ఎర్లీన్ చెయ్యి పట్టుకుని సందులోంచి తిరిగి ఇంటి వెనక్కి వెళ్ళాను. బూడిద డబ్బాలు, పిల్లులు, పై నుంచి కిందికి మెలికలు తిరుగుతూ చెక్క మెట్లు, ప్రతి అంతస్తులోనూ తాళ్ళ మీద ఆరేసిన బట్టలు. ఎక్కాం.

మూడో అంతస్తు వరండాలో ఒకావిడ నీళ్ళ బేసినులో కాళ్ళు పెట్టుకుని బొబ్బర్లు ఒలుస్తోంది.

"ఎవరు కావాలమ్మా?" అంది.

"ఓజెల్లా అండీ. అయ్యగారింట్లో ఏ గదిలో ఉంటుందో కాస్త చెబుతారా?"

"ఏ అయ్యగారే?"

"ఈ ఇంటి అయ్యగారు."

ఆవిడ నవ్విన నవ్వుకి ఒళ్ళో కాయలన్నీ బేసినులో పడ్డాయి. "అలబామానా, మిసిసిప్పినా?"

"మిసిసిప్పి అండీ."

"అనుకున్నా. మాది ఆర్కన్సా. నేనొచ్చిన రోజు బొగ్గుల కొట్టు తలుపు అరగంట సేపు తట్టాను, ఎవరో ఒకరు తీస్తారని. ఈ ఇంట్లో అయ్యగార్లెవరూ లేరు తల్లీ, అడుగు నుంచి పైదాకా మనమే. ఎనిమిది కాపురాలు, అంతస్తుకో వంటగది. ఉండు, నువ్వు చెల్లెలివా? అయితే ఇదేనా ఆ పిల్ల?"

ఆవిడ మిసెస్ టిడ్వెల్. ఎర్లీన్‌ని దగ్గరికి లాక్కుని తేరిపార చూసింది.

"ఓసి నీ అమ్మ కడుపు బంగారం కానూ! మీ అమ్మ మా ప్రాణాలు తోడేసిందే. వంటగది గోడకి ఏం అంటించిందో చూడు వెర్సీ, చూడు!"

తలుపు తీసే ఉంది. గోడ మీద అక్క రాత, వంకర టింకరగా. ఎనిమిదింటి తరవాత గట్టిగా నవ్వొద్దు, పిల్ల పడుకుంటుంది అని.

"జూన్ నెలలో అంటించింది! రాని పిల్లకి నిద్ర చెడుతుందని రెండు నెలల్నించీ మేం నవ్వు మానుకున్నాం. మా ఆయనైతే నవ్వొస్తే వీధిలోకి పోయి నవ్వొస్తున్నాడు," అంది మిసెస్ టిడ్వెల్. తరవాత గొంతు తగ్గించి, "ఆదివారాలు కూడా పనికి పోతోందమ్మా. మంచం కొనాలని. చర్చికి రాకుండా పనేమిటని పాస్టరుగారు అడిగితే, దేవుడికి తెలుసులెండి అంది," అని చెప్పింది.

"అక్క ఏదండీ?"

"ముందు మెట్ల మీద. పన్నెండింటి నుంచీ. ఈ ఎండలో ఎలా ఉందో ఏమో!"

ఇరుకు చీకటి నడవలోంచి, లోపలి మెట్లు దిగి, గాజు తలుపు దగ్గరికి వచ్చాం. అవతల అక్క వీపు కనిపించింది. ఆగస్టు ఎండలో ఆదివారం గౌను, టోపీ, చేతులకి తెల్లటి తొడుగులు. వీధిలోకి ఏ టాక్సీ వచ్చినా సగం లేస్తోంది. అది ఆగకుండా పోతే గౌను సర్దుకుని మళ్ళీ కూర్చుంటోంది. మూడు టాక్సీలు పోయేదాకా నేను తలుపు తీయలేదు. పొలంలో తన సాలు తాను క్షణంలో ముగించి, నన్ను ఎగతాళి చేసిన మనిషి. అలా కూర్చోవడం ఆమె ఎప్పుడు నేర్చుకుందో నాకు తెలియదు.

మిసెస్ టిడ్వెల్ ఊరుకోలేదు. "ఒసే ఓజెల్లా! నీ వాళ్ళు దొడ్డిదారిన వచ్చారే!"

అక్క గిర్రున తిరిగింది. నన్ను చూసింది, నా గౌను వెనక దాక్కున్న ఎర్లీన్‌ని చూసింది. పిల్లను పట్టుకోవడానికి చేతులు చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. మెట్టు మీద కూర్చుని, "నేను షికాగో అమ్మని," అంది.

ఎర్లీన్ చాలాసేపు చూసి, "నీ టోపీ మీద పిట్ట నిజందేనా?" అంది.

"పట్టుకుని చూడు."

పిల్ల ఒక వేలితో ముట్టుకుంది. "కాదు."

"కాదు. కానీ నిన్ను చూద్దామని మధ్యాహ్నం నుంచీ నాతోపాటే కూర్చుంది," అంది అక్క.

ఆ సాయంత్రం వంటగదిలో పంది మెడ ఎముకల కూర పొయ్యి మీద ఉంది. నేను ఆవాకు తరుగుతున్నాను. ఎర్లీన్ వరండాలో మిసెస్ టిడ్వెల్ దగ్గర బొబ్బర్లు ఒలుస్తోంది. అక్క తొడుగులు అప్పుడు తీసింది. వేళ్ళ సందులన్నీ పగిలి ఎర్రగా ఉన్నాయి, రెండు గోళ్ళు లేవు.

"అలా చూడకే. రోజంతా ఐసు నీళ్ళలో పంది పేగులు కడిగితే ఇలాగే ఉంటాయి. పిల్ల రాగానే చూసి జడుసుకుంటుందేమోనని వేసుకున్నా," అంది. మొక్కజొన్న పిండి కలుపుతూ, నా వైపు తిరక్కుండా, "వెర్సీ, ఒకటడుగుతా, దాచకుండా చెప్పు," అంది.

"అడుగక్కా."

"ఇక్కడి చలి నీకు తెలీదు. సరస్సు మీంచి గాలి లేచిందంటే కిటికీలో దుప్పటి కుక్కినా ఆగదు. నిరుడు కింద అంతస్తు పిల్లవాడు ఊపిరాడక పోయాడు. దీని ఛాతీ ఎలాంటిది? దగ్గుతుందా? రాత్రిళ్ళు పిల్లికూతలేమైనా వస్తాయా? ఏ కాస్త ఉన్నా చెప్పేయ్. మంచం కొన్నానని మొహమాటపడకు. ఆదివారం రైలుకే నీతో తిరిగి పంపేస్తా."

రైల్లో వెయ్యిసార్లు అనుకున్న మాట. నేను ఎలా మొదలెట్టాలా అని సతమతమైన మాట. ఆమే మొదలుపెట్టి, సగం నా నోట్లో పెట్టి, మిగతా సగం కోసం నిలబడింది. అవును అంటే చాలు. పిండి కలిపే చెయ్యి ఆగిపోయింది. పగుళ్ళలో పిండి తెల్లగా ఇరుక్కుని ఉంది. బయట ఎర్లీన్ ఏదో అడుగుతోంది, మిసెస్ టిడ్వెల్ నవ్వు ఆపుకుంటోంది. ఎనిమిది ఇంకా కాలేదు.

"దానికేం రోగమే అక్కా? ఉక్కు పిండం. ఎనిమిదేళ్ళలో ఒక్కసారి దగ్గింది, అదీ మొక్కజొన్న పేలాలు గొంతుకి అడ్డంపడి," అన్నాను.

అక్క గోడకి చేరగిలబడిపోయింది. "అమ్మయ్య," అని, "నువ్వు రోగం ఉందని చెప్పుంటే నమ్మేదాన్నే," అంది.

"తెలుసు."

ఆమె నా మొహంలోకి చూసింది. ఏం కనిపించిందో, మరి అడగలేదు. చేతులు కడుక్కుని, క్యాలెండరులోంచి అయిపోయిన నెల చింపి, పెన్సిలు ముక్క వెతుక్కుని బల్ల దగ్గర కూర్చుంది.

"చెప్పు. దాని సంగతులన్నీ చెప్పు. రాసుకుంటా."

చెప్పాను. దుప్పటి తన్నేస్తుంది, రెండుసార్లు లేచి కప్పాలి. దాహమైనా నోరు తెరిచి అడగదు, పెదాలు చూసి నువ్వే ఇవ్వాలి. జడ ఎడమవైపు నుంచి మొదలుపెట్టు, కుడివైపు మాడు నొప్పి అంటుంది. అబద్ధమాడేటప్పుడు తొందర తొందరగా మాట్లాడుతుంది. రొట్టె అంచులు తినదు, నీ పళ్ళెంలోంచి అయితే తింటుంది. కోప్పడితే ఏడవదు, జాలిపడితే ఏడుస్తుంది.

"మెల్లిగానే నత్తా, నా రాత సంగతి తెలుసుగా," అంది అక్క. ఒక్కొక్కటి చెప్పడం, అది అక్క పెన్సిలు కిందికి వెళ్ళిపోవడం. క్యాలెండరు కాగితం వెనక వైపంతా నిండింది. పక్క అంచుల్లో కూడా రాసింది.

"ఇంకా?"

"అంతే."

"ఇంకేం లేదా?"

"లేదక్కా."

ఒకటుంది. తెల్లవారేముందు, కళ్ళు మూసుకునే, ఎర్లీన్ నిద్రలో కోళ్ళను పిలుస్తుంది. నేను దొడ్లో గింజలు చల్లుతూ ఎలా పిలుస్తానో అలాగే, అదే రాగంతో. ఎలాగూ ఒకటి రెండు రోజుల్లో అక్కే వింటుంది. అయినా ఆ ఒక్కటి నేను చెప్పలేదు.