రాణి, ఆరు, మూడు

ఇంగ్లండులోని స్కార్‌బరోలో, సముద్రపు ఒడ్డున ఉన్న కాసినోలో గ్లెనిస్ ఆర్మెరాడ్ పంతొమ్మిదేళ్లు మూడు ముక్కల పోకర్ పంచింది. మధ్యాహ్నం తలుపులు తీయగానే మొదట వచ్చేది ఆల్విన్ థ్రెల్ఫాల్. ఒకప్పుడు రైల్వేలో సిగ్నల్ మీటలు లాగిన మనిషి. పక్కన కొత్తవాళ్లెవరు కూర్చున్నా పాఠం మొదలెట్టేవాడు.

"చూడు బాబూ, మొదటి పందెం కాశాక చేతిలో రాణి, ఆరు, నాలుగు గానీ, అంతకు పైది గానీ ఉంటే, పంచేవాళ్ల ముక్కలకు పోటీగా రెండో పందెం కాయి. ఒక్క మెట్టు తగ్గినా ముక్కలు పడెయ్. మనసు చెప్పిందని ఆడావో, మునిగినట్టే!"

"అలా ఆడితే గెలుస్తామా?"

"ఎక్కడ గెలుస్తాం! వంద కాస్తే మూడో నాలుగో కాసినోకే. లెక్క తప్పావా, ఇంకా తొందరగా ఊడ్చేస్తారు. అంతే తేడా."

నవంబరులో ఒక మంగళవారం ఊరంతా మంచు కమ్మేసింది. బల్ల దగ్గర ఆయనొక్కడే. రాణి, ఆరు, మూడు వచ్చాయి. పడేశాడు. మళ్లీ అవే వచ్చాయి.

"ఈ రాణిగారికి నా మీద మోజు పుట్టినట్టుందమ్మాయ్," అని నవ్వాడు.

మూడోసారీ అవే. ఇద్దరూ నవ్వలేదు. ఆ ముక్కలు ఒక్కసారి పడాలంటేనే మూడొందల అరవై పంపకాలు కావాలి.

నాలుగోసారి ఆయన ముక్కలు తిప్పి గ్లెనిస్‌కు చూపించాడు. అవే. ఆమె పెదవి కదపలేదు గానీ, లోపల మాత్రం 'ఆడండి' అనుకుంది. ఆల్విన్ ఉలిక్కిపడి తలెత్తి, ఆమెనే చూస్తూ పందెం ముందుకు తోశాడు. ఆమె తన ముక్కలు తిప్పింది. రాణి, ఆరు, మూడు. సరికి సరి. ఆయన తన పందేలు వెనక్కి తీసుకుని లేచి వెళ్లిపోయాడు.

సూపర్‌వైజర్ డెజ్మండ్ ముక్కలు కలిపే మిషన్ విప్పించాడు. యాభై రెండూ ఉన్నాయి. కెమెరాలో తప్పేమీ కనబడలేదు. "అప్పుడప్పుడు ఇలాంటి చిత్రాలు జరుగుతుంటాయిలే. వెళ్లి టీ తాగిరా," అన్నాడు.

రెండు వారాల తర్వాత ఆల్విన్ ఆమెకు పడవల రేవులో కనిపించాడు.

"ఏం థ్రెల్ఫాల్ గారూ, మా మీద అలిగారా?"

"అలకేంటమ్మా. నువ్వు ఆడమన్నావు, ఆడాను. నలభై ఏళ్లు ఏ మీటయినా నా ఇష్టంతోనే లాగాను. ఆ రోజు మాత్రం చెయ్యి నాది కాదు."

"నేనేమీ అనలేదండీ."

"అన్నావు. నీ గొంతే. కాకపోతే నా తల లోపల వినబడింది."

తాను అనుకున్న మాట ఒప్పుకోవడానికి ఆమెకు ధైర్యం చాల్లేదు. ఆయన మళ్లీ కాసినో గడప తొక్కలేదు.

చేతులు లాగుతున్నాయని చెప్పి గ్లెనిస్ అంకెల చక్రంలో బంతి తిప్పే రౌలెట్ బల్లకు మారింది. జనం పందేలు కాసేటప్పుడు మనసులోకి ఏ మాటా రాకుండా పదమూడో ఎక్కం చదువుకునేది. శీతాకాలం అలాగే గడిచిపోయింది. ఏప్రిల్లో ఒకరోజు గ్లెనిస్ పదమూడెనిమిదుల దగ్గర ఉండగా, ఒకావిడ చేతిలో పందెం బిళ్ల పట్టుకుని తటపటాయిస్తూ ఆమె వైపు చూసింది.

"నూట నాలుగా? అంత నంబరు ఇక్కడ లేదు కదండీ!"

గ్లెనిస్ బంతి వదల్లేదు. ఆ నెలాఖరుకే ఉద్యోగం మానేసింది. ఇప్పుడు లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతోంది, ఎవరూ లేని గదిలో, ఒంటరిగా.