కళ్లం దాటిన ధాన్యం

“చర్చలు సానుకూలంగా సాగుతున్నాయి.” ఈ వాక్యం చూస్తే చాలు, నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. మేము షేర్లు కొన్న కంపెనీ ఏటా పంపే నివేదికలో ఉంటుందిది. ఏడాది మారుతుంది, అట్ట మీద బొమ్మ మారుతుంది, ఈ వాక్యం మాత్రం కదలదు.

ఆ కంపెనీకి ఫ్యాక్టరీ లేదు, దుకాణం లేదు. ఉన్నవల్లా పేటెంట్లు. సిగ్నల్ బలహీనంగా ఉన్న చోట కూడా ఫోనులో మాట తెగకుండా పట్టే పద్ధతి ఒకటి వాళ్ల ఇంజనీర్లు కనిపెట్టారు. ఆ పద్ధతిని వాడుకునే ఫోను తయారీదారులంతా రాయల్టీ కట్టాలి. వాడుకుంటున్నారు. కట్టడం లేదు.

నేను శ్రీకాకుళంలో కాలేజీ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. ఆ పద్ధతి ఎంత గొప్పదో చదవగానే తెలిసింది. ఇప్పటికీ గొప్పదనే అంటాను, ఆ మాట మీద నాకేమీ అనుమానం లేదు. నాతో పాటు మా బావ, అంటే మా అక్క భర్త, కూడా షేర్లు కొన్నాడు. ఆయనది బొబ్బిలి దగ్గర వ్యవసాయం. నా ముక్క పొలం కూడా ఆయనే సగం వాటాకి చేస్తాడు. మా చేలు కాలవకి ఆఖరున ఉన్నాయి. పైవాళ్లు తడుపుకున్నాక మిగిలితేనే మాకు నీళ్లు. వరి పొట్టకొచ్చే వేళకి అవి కూడా ఉండవు. బోరు వేయిద్దామని బావ కూడబెట్టిన డబ్బే షేర్లయింది. రాయల్టీలు వస్తే బోరుతో పాటు మోటారు కూడా వచ్చేస్తుందని ఇద్దరం అనుకున్నాం.

కొన్న రోజున బావకి వివరంగా చెప్పాను. ఆయన చేతిలో ఫోను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

“అంటే మన పొలం కౌలుకిచ్చినట్టే. బాగానే ఉన్నాది. మరి కళ్లం ఎక్కడరా? కొలిసీదెవుడు?”

మా వైపు పంట నూర్చాక పొలం గలాయన వాటా కళ్లంలోనే కొలుస్తారు. అది పక్కన పెట్టాకే మిగతా ధాన్యం బండెక్కుతుంది. కళ్లం దాటాక అడిగితే అది వాటా కాదు, అడుక్కోవడం. ఈ కంపెనీ పెద్దలు ధాన్యం బళ్లకెత్తించి, ఊరు దాటించి, వండుకు తినేదాకా ఊరుకుని, అప్పుడు లాయరుని వెంటేసుకుని బయల్దేరారు. కోర్టులో వెయ్యండయ్యా అంటే ఖర్చంటారు. బేరం తేల్చండయ్యా అంటే తొందరపడితే రేటు పడిపోతుందంటారు. పేటెంటుకి ఆయుష్షు ఇరవై ఏళ్లే. ఎగ్గొట్టేవాడికి అది బాగా తెలుసు. వాడు కాలు మీద కాలేసుకుని కూర్చుంటే చాలు, ఒకనాటికి ఆ పద్ధతి ఊరందరిదీ అయిపోతుంది. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నట్టు డైరెక్టర్ల జీతాలు మాత్రం ఏడాదికేడాది పెరుగుతున్నాయి. పోనీ అమ్మేద్దామా అంటే, కొన్న ధరలో సగం కూడా ఎవడూ ఇవ్వడు.

కిందటేడు వాటాదారుల సభ వీడియోలో పెట్టారు. మాట్లాడేవాళ్లు ముందే పేరు ఇవ్వాలంటే బావ పేరు ఇచ్చాను. ఆ పూట వాళ్లింటికి వెళ్లేసరికి ఆయన పెళ్లిళ్లకి కట్టుకునే పొందూరు పంచె కట్టుకుని, కండువా వేసుకుని, తల దువ్వుకుని తయారుగా ఉన్నాడు. ఫోనుని నీళ్ల బిందెకి ఆనించాను. వంతు రాగానే లేచి నిలబడ్డాడు.

“బాబూ, అందరికీ దండాలు. మీరు కళ్లంలో వాటా కొలుసుకోకండా దాన్యం ఎందుకు ఒగ్గీసినారు? ఇప్పుడు ఎప్పటికి కొలుస్తారు? మాకు బోరు ఎయ్యాల. అది సెప్పండి సాలు.”

అవతలి నుంచి ఒకాయన, “విలువైన ప్రశ్నకి ధన్యవాదాలు” అన్నాడు. అటునుంచే బావ మైకు ఆపేశారు. ఇంకో వాటాదారు వచ్చి యాజమాన్యాన్ని పొగడడం మొదలుపెట్టాడు.

“కూర్చో బావా, అయిపోయింది” అన్నాను.

“ఏటి అయిపోనాది? జవాబు సెప్పనేదు కదా.”

ఊళ్లో నలుగురి మధ్య తగువు పెట్టినవాడు జవాబు వచ్చేదాకా కూర్చోడు. కూర్చున్నాడంటే తగువు వదులుకున్నట్టు. ఇక్కడ జవాబు రాదని, మనం వాళ్లకి కనబడటం కూడా లేదని ఎంత చెప్పినా వినలేదు. సభ ముగిసి తెర నల్లబడ్డాక కూడా, కండువా చేత్తో పట్టుకుని, ఆ బిందె ముందు నిలబడే ఉన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ వెంటనే ఒళ్లు మండిపోయింది. పంచె కట్టుకుని మర్యాదగా అడిగిన మనిషికి ఒక్క ముక్క జవాబు చెప్పలేని వాళ్లు కోట్ల రాయల్టీ ఎవడి దగ్గర వసూలు చేస్తారు?

ఆ ఏడు కూడా వరి పొట్ట మీద ఉండగా కాలవ ఎండింది. సగానికి సగం గింజ లేని తాలే. నేను కాలేజీలో ఉండగా బావ కళ్లం నుంచి ఫోను చేశాడు.

“ఒరే, నీ వాటా కొలిసీసినాను. బేగి బండి తెచ్చుకో.”

“నాకేమీ వద్దు బావా. ఈ ఏటికి నువ్వే ఉంచుకో. నీకేం మిగిలింది అసలు?”

“నాకేటి మిగిల్తే నీకెందుకు? కొలవకండా గింజ కళ్లం దాటదు. నానేటి నీ కంపెనీవోణ్ణనుకున్నావేటి?”

ఆయన ఎండు చేల మధ్య, టవర్‌కి ఎంతో దూరంలో నిలబడి మాట్లాడుతున్నాడు. చేటతో తాలు ఎగరేస్తున్న చప్పుడుతో సహా అంతా వినబడింది. ఒక్క మాట కూడా తెగలేదు.