ఏ వీధిలో పోయారు

ఖరగ్‌పూర్ శ్మశానంలో రిజిస్టరు రాసే గుమాస్తా ఒకాయన ఉండేవాడు. మన తెలుగాయనే. శవం రాగానే కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, "ఏ ఈది?" అని అడిగేవాడు. ఎలా పోయారన్నది ఆ తర్వాతే.

ఆయన మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. దహనాలకు వెళ్లినప్పుడల్లా ఆ పుస్తకంలోకి తొంగి చూసేవాణ్ణి. తాగి పోయినవాళ్లు అన్ని వీధుల్లోనూ ఉన్నారని ఊరంతటికీ తెలుసు. ఆయన పుస్తకంలో మాత్రం గోల్‌బజార్ షావుకార్లు గుండెపోటుతో, ఖరిదా కూలీలు తాగుడుతో పోయేవారు. షావుకార్లతో లాలూచీ అనుకుని ఒకసారి నిలదీశాను.

"నానేటి సేస్తాను బాబూ? ఇంటోలు సెప్పిందే రాసినాను," అన్నాడు.

నిరుడు మా నాన్నగారు పోయారు. ఒకప్పుడు గోల్‌బజార్‌లో మూడు బట్టల కొట్లు నడిపిన మనిషి, అన్నీ పోయాక ఖరిదాలో అద్దెగదిలో, సీసా పక్కనే కన్నుమూశారు.

"ఏ ఈది?"

"గోల్‌బజార్," అన్నాను తల దించకుండా.

ఖరిదాలో మా గది ఆ గుమాస్తా ఇంటి వెనకాలే. అయినా గోల్‌బజార్ అనే రాసుకున్నాడు. కారణం రాయాల్సిన గడి ఖాళీగా వదిలి, పుస్తకం నా వైపు తిప్పి, కలం చేతికిచ్చాడు.

"మీరే రాసీండి, సిన్నబాబూ."

గుండెపోటు అని నా చేత్తోనే రాశాను.