పట్టపగలు పెట్టిన దీపం

కచ్ఛ్ నుంచి బొంబాయి మాండ్వీ బజారుకు కొత్త కోడలిగా వచ్చిన ఏడాది, ఒక ముసురు మధ్యాహ్నం ఇల్లంతా చీకటిగా ఉందని పూర్‌బాయి గడప మీద దీపం పెట్టింది. అత్తగారు పరుగున వచ్చి అరచేత్తోనే ఆర్పేసింది.

"నీ చేతులు విరిగిపోనూ! నా కొడుకు దివాలా తీశాడని ఊరంతా చాటుతావుటే?"

ఆ బజారులో పగటిపూట గడప మీద దీపం వెలిగిందంటే ఇంటాయన చేతులెత్తేశాడని అర్థం. ఇక అతనితో ఎవరూ బేరం చెయ్యరు. ఉన్నదేదో అప్పులవాళ్ళు పంచుకుంటారు. ఆ సాయంత్రమే ఇద్దరు వర్తకులు కుశలం అడిగే నెపంతో వచ్చి, మజ్జిగ తాగి, ఇల్లంతా కళ్ళతో కొలిచి మరీ వెళ్ళారు. అప్పట్నుంచి పొద్దుగూకితే గానీ పూర్‌బాయి దీపం జోలికి వెళ్ళలేదు.

ఆమె భర్త నెణ్‌సీ అప్పటికి దూది నాణ్యత చూసే మామూలు మనిషి. చిటికెడు దూది వేళ్ళ మధ్య సాగదీసి ఏ సీమ పంటో చెప్పేవాడు. ఇంతలో అమెరికాలో యుద్ధం వచ్చి అక్కడి దూది ఆగిపోయింది. ఇంగ్లండు మిల్లులు బొంబాయి మీద పడ్డాయి. జనం పరుపులు చింపి మరీ దూది అమ్ముకున్నారు. డబ్బు వరదలా వచ్చింది. ఆ డబ్బుతో కంపెనీలూ, కంపెనీలతో వాటా కాగితాలూ పుట్టుకొచ్చాయి. నెణ్‌సీ దూది వదిలి కాగితాలు పట్టాడు. సముద్రాన్ని పూడ్చి నేల అమ్ముతామన్న కంపెనీలో వాటాలు కొన్నాడు. నేల ఇంకా నీళ్ళలోనే ఉంది, ధర మాత్రం మేడెక్కి కూర్చుంది.

నాలుగేళ్ళు తిరక్కుండా అతను నెణ్‌సీ శేఠ్ అయిపోయాడు. సొంత ఇల్లు, జోడుగుర్రాల బండి. శేఠ్ తుమ్మినా ధర పెరుగుతుందనేవారు. ఆయన ఏది కొంటే బజారంతా అదే కొనేది. జనం దేవుణ్ణి చేస్తామంటే వద్దనడానికి చాలా గుండె కావాలి. నెణ్‌సీకి అంత లేదు.

ఒక వేసవి ఉదయం ఇంగ్లీషువాళ్ళ కొట్టులో పనిచేసే స్నేహితుడు వచ్చి ఆయన చెవిలో ఒక మాట వేసి వెళ్ళాడు. యుద్ధం ముగిసింది, దూది ధర కూలింది. ఇక కాగితాలు నిలవవు. నెణ్‌సీ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"మన పని అయిపోయిందే. కానీ సాయంత్రం దాకా బజారుకి తెలీదు. ఈలోగా ఈ కాగితాలు వీలైనన్ని అంటగట్టేస్తే ఈ ఇల్లయినా మిగుల్తుంది."

"ఎవరికి అంటగడతారు?"

"నన్ను నమ్మినవాళ్ళకే. నమ్మనివాడు ఎలాగూ కొనడుగా!"

సరిగ్గా అప్పుడే మంగలి వాఘో వచ్చాడు. వాటాలు ఇప్పించమని నెల రోజులుగా శేఠ్ గడ్డం కింద కత్తి పెట్టి మరీ బతిమాలుతున్నాడు. ఇవాళ చేతిలో ఒక మూట కూడా ఉంది.

"శేఠ్, ఈసారి కాదన్నారో, సగం గడ్డమే గీసి వెళ్ళిపోతాను! మా ఆవిడ వెండి కడియాలు తెచ్చేశాను."

నెణ్‌సీ పీట ముందుకు జరిపాడు. "కూర్చో వాఘో," అన్నాడు. "నీకోసం కొన్ని అట్టేపెట్టాను."

ఆ ఇల్లంటే పూర్‌బాయికి ప్రాణం. వాఘో పెళ్ళానికి ఆ కడియాలు తప్ప మరేమీ లేదని కూడా ఆమెకు తెలుసు. పూజగదిలోకి వెళ్ళి ప్రమిదలో నెయ్యి పోసింది. దీపం వెలిగించి, ఇద్దరు మగాళ్ళ మధ్య నుంచే నడిచి వెళ్ళి గడప మీద పెట్టింది. ఆ ఎండకి వెలుగు సరిగా కనిపించనే లేదు.

వాఘో చెయ్యి మూట మీదే ఆగిపోయింది.

"అమ్మా... ఇంకా పగలే కదమ్మా?"

"పగలే, నాయనా. కడియాలు తీసుకుని ఇంటికెళ్ళు."

నెణ్‌సీ చటుక్కున లేచాడు. తల్లిలాగే అరచెయ్యి దీపం మీదికి చాపాడు. చాపినవాడు ఆగి, తలపాగా తీసి దీపం పక్కన పెట్టాడు.

మధ్యాహ్నానికి వీధి వీధంతా వచ్చి తిట్టింది. ఇల్లూ బండీ పోయాయి. సందులో ఒక అద్దెగది మిగిలింది. అక్కడ నెణ్‌సీ భార్యతో మాట్లాడటం మానేశాడు. ఎదురుగా కూర్చుని ఆమె వడ్డించింది తినేవాడు, అంతే.

దివాలా తీసినవాడి గడప మంగలి తొక్కడు. అయినా ఒక ఉదయం వాఘో కత్తుల పొదితో సహా లోపలికొచ్చి కూర్చున్నాడు.

"నీకివ్వడానికి ఏమీ లేదోయ్," అన్నాడు నెణ్‌సీ.

"గడ్డం ఎత్తండి శేఠ్. ఇందాక మా ఆవిడ రొట్టెలు చేస్తుంటే కడియాలు గలగలమన్నాయి. నా కూలి నాకు ముట్టిపోయింది."

నెణ్‌సీ గడ్డం ఎత్తాడు. గీయడం అయ్యాక పొయ్యి దగ్గరున్న పూర్‌బాయి వైపు తిరిగాడు.

"ఏమే," అన్నాడు, "వాఘోకి మజ్జిగ ఇయ్యి."