వల్లెవేసిన మాట ఒప్పుకోని మనిషి

కోర్టు పంపిన పిచ్చివాళ్లను ఉంచే తాళం వార్డులో ఆమె పని మాట్లాడించడం. మందులిచ్చే డాక్టరు వేరు. ఈమెను అందరూ మాటల డాక్టరమ్మ అంటారు. ముందు నర్సుగా చేసేదట. సూది వేశాక రోగి గోడు వినే తీరిక ఎవరికీ లేదని, ఉద్యోగం చేస్తూనే మళ్లీ చదువుకుంది. గట్టిగా తుమ్మితే ఎగిరిపోయేంత బక్కమనిషి.

నా కొడుకు అక్కడే ఉండేవాడు. జబ్బు ముదిరి, తండ్రి అన్నంలో విషం కలుపుతున్నాడని నమ్మి ఆయన్నే చంపాడు. మందులతో మళ్లీ మనిషయ్యాడు. వాణ్ణి ఇంటికి పంపాలా వద్దా అని తేల్చే కమిటీ దగ్గరపడింది. నాకున్నది వాడొక్కడే.

కమిటీ ముందు ఏం చెబితే వదులుతారో ఆ వార్డులో పాతవాళ్లు కొత్తవాళ్లకు నేర్పుతారు. "నా తప్పు తెలుసుకున్నాను, పశ్చాత్తాపపడుతున్నాను" అని మావాడూ ఎక్కాల్లా అప్పజెప్పాడు.

"పక్క మంచం ఆయన కూడా ఇదే చెప్పాడు. ఇప్పుడు నీది చెప్పు," అందట ఆమె. వాడు మళ్లీ అదే అప్పజెప్పాడు. ఇప్పుడే పంపొద్దని రాసేసింది.

వరండాలోనే పట్టుకున్నాను. "నీ సొమ్మేం పోయిందే తల్లీ? నీకు పిల్లల్లేరా?"

"ఇద్దరున్నారు పెద్దమ్మా. ఇద్దరూ నా మాట వినరు."

"అందుకని నా కొడుకు మీద పెత్తనమా?"

"మళ్లీ జబ్బు తిరగబెడితే ముందు దెబ్బ తగిలేది మీకే. అదెలా మొదలైందో అతని నోటితోనే రావాలి. తిట్టండి, వింటాను. రాసింది మార్చను."

తిట్టాను. నిలబడి విన్నది. ఇంకేమైనా ఉందా అని కూడా అడిగింది.

తర్వాత వారం వారం వాణ్ణి కూర్చోబెట్టింది. వాడు అరిచాడు, అలిగాడు, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఆమె కుర్చీ వదల్లేదు. ఒకరోజు నన్నూ లోపలికి పిలిచింది.

"అమ్మా," అన్నాడు వాడు, నా మొహం చూడకుండా. "ముందు నిద్ర పట్టడం మానేసింది. తర్వాత మందులు పారేశాను. నాన్న అన్నం కలిపి తినరా అన్నాడు. కొట్టాను. ఆయన చేతిలో ముద్ద అలాగే ఉంది."

నేను ఏడిచాను. ఆమె ఊరుకోమనలేదు. వాణ్ణే అడిగింది: "మళ్లీ నిద్ర పట్టకపోతే?"

"అమ్మకు చెబుతాను."

"దాచేస్తే?"

"అమ్మ మిమ్మల్ని పిలవాలి. నేను వద్దన్నా పిలవాలి."

"చెవి పట్టుకుని మరీ లాక్కొస్తానురా," అన్నాను.

మరుసటి కమిటీలో, జీవితాంతం మందులు మింగుతావా అని పెద్దాయన అడిగాడు. "మింగాలని లేదు సార్. మింగుతాను," అన్నాడు వీడు. కొంప ముంచాడనుకున్నాను. ఆమె మాత్రం నవ్వుతోంది. వారానికోసారి ఆమె దగ్గరికి రావాలన్న షరతు మీద పంపారు.

"మంగళవారం తీసుకురండి. మీరూ కూర్చోవాలి," అంది ఆమె.

"నాకేం రోగమమ్మా?"

"మీ ఆయన్ని చంపిన చేతికే అన్నం పెట్టబోతున్నారు. మీ నోట తిట్లు చాలా విన్నాను పెద్దమ్మా. ఆయన గురించి ఒక్క మాటా వినలేదు."

నేనా మాట్లాడనిది! వీధి వీధంతా నా నోటికి జడుస్తుంది. అయినా మంగళవారం వెళ్లి కూర్చున్నాను.