మూతికి దండ కట్టిన కారు

మా ఆయన చిత్తూరులో మామిడికాయల మండీ నడుపుతారు. కొన్నేళ్ల కిందట ఆయన ఒక పాత విదేశీ స్పోర్ట్స్ కారు మీద మనసు పడి కొన్నారు. అందులో ఇద్దరికి మించి పట్టరు. కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. కూరగాయల సంచి పెట్టాలన్నా ఒళ్లోనే. చలిదేశంలో పుట్టిన బండి కదా, మన ఎండకు ఇంటి దగ్గరి కోర్టు దాటేలోపే ఆవిరి కక్కేది.

ఇక దాన్ని చల్లబరచడమే ఆయన బతుక్కి పరమార్థం అయిపోయింది. రేడియేటరు తీయించి ఇంకా మందమైనది పెట్టించారు. ముందు ఒక ఫ్యాను, అది చాలదని పక్కన ఇంకోటి. ఎవరో చెప్పారని ఇంజను వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ పీకించారు, ఇంకెవరో నవ్వారని మళ్లీ పెట్టించారు. వంటింట్లో పొగ బయటికి లాగే ఫ్యాను ఒక్కటి బిగించమని నేను పెళ్లయినప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నాను. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అనే సామెత మా ఇంటిని చూసే పుట్టి ఉంటుంది.

అంతటితో అయిందా? రిపేరు చేయించిన ప్రతిసారీ బండికి కాణిపాకంలో పూజ జరగాల్సిందే. పూజయ్యాక ముందు మూతికి ఇత్తడి వినాయకుడి బిళ్ల, దాని మీద లావుపాటి బంతిపూల దండ, కింద నిమ్మకాయలు, మిరపకాయలు, దిష్టితాడు. రేడియేటరుకు గాలి పోయే సందే కనపడదు.

"దండ అడ్డం ఉంటే గాలి యాడ్నుంచి పోతాదండీ?" అని ఒకసారి అడిగాను.

"ఇంజన్ల సంగతి నీకేం తెలుసునే?" అన్నారు.

నిజమే, నాకేం తెలుసు. ముక్కు మూసుకుంటే ఊపిరాడదని మాత్రం తెలుసు.

పోయిన మే నెలలో పలమనేరులో మా చెల్లెలి సీమంతం. మాకు అమ్మ లేదు. పూలజడ నా చేత్తోనే వేయాలని చెల్లెలు ఎప్పుడో మాట తీసుకుంది. మల్లెమొగ్గలు తెచ్చి, జడకు సరిపడా కుట్టి, అరిటాకులో చుట్టి, తడిగుడ్డ కప్పి బుట్టలో పెట్టుకున్నాను. బస్సులో పోతానంటే ఆయన ఒప్పుకుంటేగా! చుట్టాలంతా కారు చూడాలి. పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు ఆ బండిలోనే బయలుదేరాం. దారిలో కాణిపాకంలో మళ్లీ పూజ, మళ్లీ కొత్త దండ.

మొగిలి ఘాటు ఎక్కుతుండగా వేడి చూపే ముల్లు లేచింది.

"ఎర్రగీత కాడికి పోతా ఉండాది," అంటూ ఆయన బండి పక్కకు ఆపారు.

"ఆ దండ తీసేయండి," అన్నాను.

"దేవునికేసిన దండ. పొద్దు గూకే దాకా తీసేది లేదు," అన్నారు. అంతలో ఫోనులో ఎప్పుడో చూసిన ఉపాయం గుర్తుకొచ్చినట్టుంది, మొహం చాటంత చేసుకుని హీటరు మీట లాగారు. "ఇంజను వేడంతా లోపలికి వచ్చేస్తాది. అది సల్లబడిపోతాది. సూడు!"

బండి మళ్లీ కదిలింది. మే నెల ఎండలో, పట్టుచీర కట్టుకున్న నా కాళ్ల మీదికి హీటరు గాలి కొట్టింది. బుట్ట అక్కడే ఉంది. ఒళ్లోకి తీసుకున్నా సెగ తప్పలేదు.

"ఆపండి, పూలు ఉడికిపోతా ఉండాయి!" అన్నాను.

"పూలు పలమనేరులో దొరకవా ఏంది? ఇంజను పోతే యాడ దొరుకుతాది?"

నాకు ఏడుపు కూడా రాలేదు, అసహ్యం వేసింది. ఈ మనిషికి ఇన్నేళ్లు పొగలో నిలబడి వండి పెట్టాను కదా అనుకున్నాను.

చేరేసరికి ముహూర్తం దగ్గరపడింది. ఆయన వాకిట్లోనే నిలబడి, ఘాటు ఎక్కినా ఇంజను మరగలేదని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటున్నారు. లోపల నేను అరిటాకు విప్పాను. మొగ్గలన్నీ గోధుమరంగుకు తిరిగి మెత్తబడి ఉన్నాయి. వేరే పూలు తెచ్చి కుట్టే వ్యవధి లేదు. చెల్లెలు పీట మీద కూర్చుని తల వంచింది. వాటితోనే జడ వేశాను. చివర్లో తను చెయ్యి వెనక్కి పెట్టి తడిమి చూసుకుంది.

"పూలు ఇంకా యెచ్చగా ఉండాయేమక్కా?" అంది.

"మీ బావ ఇంజను సల్లగా ఉండాల కదమ్మా," అన్నాను.

సాయంత్రం నేను బస్సులో వచ్చేశాను. నేను పొయ్యి వెలిగించాక ఆయన వచ్చారు. పొద్దు గూకింది కనక దండ తీసేశారు, పైగా దారంతా దిగుడు.

"ముల్లు సగం కూడా దాటలేదు. సూస్తివా, రెండో ఫ్యాను మహిమ!" అని వంటింటి గడప దగ్గర నిలబడి అరిచారు.

నేను తిరిగి చూడలేదు. ఎప్పటిలాగే ఇల్లంతా పొగ. ఆ పొగలో కూడా నా చీర నుంచి ఉడికిన మల్లెల వాసన వస్తూనే ఉంది.