చెల్లెలి చెంప, ఏలూరి యంత్రం

వయసు మీదపడితే ముఖం మీది చర్మం వదులవుతుంది. అది ప్రకృతి. దాన్నొక తప్పుగా చూపించి, ఆ తప్పు దిద్దుతామంటూ యంత్రం ముందు కూర్చోబెట్టేవారి మీద నాకు కలిగిన కోపం ఇన్నేళ్ళయినా చల్లారలేదు. చల్లారకూడదనే, జరిగింది జరిగినట్టు ఆనాడే రాసి పెట్టుకున్నాను. బడిలో పిల్లలకు సైన్సు చెప్పి రిటైరైనదాన్ని. కళ్ళతో చూసింది కాగితం మీద పెట్టకపోతే నాకు నిద్ర పట్టదు.

మా చెల్లెలు తాడేపల్లిగూడెంలో ఉంటుంది. వాళ్ళ చర్చిలో ఏటా కోతల పండుగ చేస్తారు. సంఘస్తులు తమ తొలిపంటను తెచ్చి వేదిక ముందు పెడతారు. కొత్త బియ్యం, గుమ్మడికాయలు, అరటి గెలలు, పెట్టలు, కొల్లేటి వైపు బంధువులున్నవారైతే బకెట్లో ఈదుతున్న కొర్రమేనులు. ఆరాధన ముగిశాక వాటిని వేలం వేస్తారు. ఆ పాట నడిపేది ఎప్పుడూ మా చెల్లెలే.

ఆ పని తేలిక కాదు. మా వైపు మనుషులు మర్యాదకు పుట్టినవారు. ఎదుటివాడు పాట పెంచగానే "ఇంక చాలండీ, వారికే ఇచ్చెయ్యండి" అంటారు. మనసులో మాత్రం ఆ గెల మీద ఆశ చావదు. చెల్లెలు మైకు పట్టుకుని సూటిగా అడిగేది: "బావగారండీ, నోరేమో చాలంటోంది, కళ్ళేమో గెల మీదనుంచి కదలట్లేదు. దేన్ని నమ్మమంటారు?" చర్చి అంతా నవ్వేది. ఆయన సిగ్గుపడుతూనే ఇంకో మాట పెంచేవాడు. ఏడాది పొడుగునా వంటింటికీ పొలానికీ మధ్య తిరిగే మనిషికి, ఆ ఒక్క పూట ఊరంతా తన మాట వినడం ఎంత గొప్పో నాకు తెలుసు.

చాలా ఏళ్ళ కిందట ఒక ఏడు, పండుగను లోకల్ కేబుల్లో చూపించాలని కమిటీవారు తీర్మానించారు. ఒక పెద్దమనిషి చెల్లెలింటికి వచ్చి, కాఫీ తాగి, కప్పు కింద పెట్టి మరీ చెప్పాడట.

"ఈసారి కెమెరా ఉంటుందండీ. ముందు నిలబడేవారు కాస్త ఫ్రెష్‌గా కనబడితే బాగుంటుందని కుర్రాళ్ళు అంటున్నారండీ. మీరు వేరే విధంగా అనుకోకండి."

చెల్లెలు ఏమందనుకున్నారు? "పర్వాలేదండీ" అంది.

ఆ వారమే సంచీ సర్దుకుని ఏలూరు మా ఇంటికి వచ్చింది. చేతిలో పేపరు మధ్యలో పెట్టి పంచిన రంగుల కరపత్రం ఉంది.

"అక్కా, ఆపరేషన్ లేదట, సూది కూడా లేదట. వేడితోనే చర్మం బిగిస్తారట. పండుగ లోపల అయిపోతుందా?"

సాయంత్రం మా మరిది ఫోన్ చేశాడు. "వదినగారండీ, మా ఆవిణ్ణి కొత్తదాన్ని చేసి పంపుతారటగా! పాతదాని తిట్లు నాకు కంఠతా వచ్చండీ. కొత్తావిడ ఏం తిడుతుందో ఏమో, కాస్త కనుక్కుని పంపండి."

నేను నవ్వలేదు. వద్దన్నాను, వాదించాను. చివరికి తోడు వెళ్ళాను.

ఆ క్లినిక్ మెయిన్ రోడ్డు మీద బట్టల కొట్టు పైన ఉండేది. బోర్డు మీద చర్మవైద్యుడి పేరుంది. ఆయన మాత్రం ఎప్పుడో గాని రాడట. తెల్లకోటు వేసుకున్న అమ్మాయే జెల్లీ రాసింది, యంత్రం పిడిని చెంప మీద తిప్పింది. వేడి లోపలి పొరకు చేరి అక్కడి నారలను బిగిస్తుందని, ఎక్కువైతే చెప్పమని, తగ్గిస్తానని అంది. నేను తెర ఇవతల కుర్చీలో కూర్చున్నాను.

"వేడిగా ఉందాండీ?"

"పర్వాలేదమ్మా."

"ఎక్కువైందాండీ?"

"లేదమ్మా, కానియ్యి."

మూడోసారి అడిగేసరికి చెల్లెలి గొంతు సన్నబడింది. చిన్నప్పుడు కాల్లో ముల్లు విరిగినా, పని మీదున్న అమ్మను కదిలించకుండా నిలబడినప్పటి గొంతు అది. లేచి తెర లాగాను. దవడ ఎముక మీద చర్మం ఎర్రగా కంది, చూస్తుండగానే బొబ్బ తేలింది.

రిక్షాలో అడిగాను. "నోరు లేదుటే నీకు?"

"పాపం, వంచిన నడుం ఎత్తకుండా చేస్తోందక్కా ఆ పిల్ల. మధ్యలో ఆపమని ఎలా అంటాను?"

ప్రాక్టీసున్న వేరే చర్మవైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ మందు రాసి నిజం చెప్పింది. ఆ పద్ధతి మోసం కాదట. కొద్దిగా వదులైన చర్మానికి, తెలిసినవారు జాగ్రత్తగా చేస్తే, నెలల మీద కొంత ఫలితం కనిపిస్తుందట. మా చెల్లెలి వయసు చర్మానికి ఆ కొంత కూడా తక్కువేనట. పండుగ లోపల ముఖం మారడమన్నది మాత్రం అబద్ధమట. ఈ మాటలు కరపత్రంలో ఒక్కటీ లేవు!

మర్నాడు ఆ క్లినిక్‌కి ఒక్కదాన్నే వెళ్ళాను. మేనేజరు కుర్చీ చూపించాడు. కూర్చోలేదు.

"ఎంత వేడి పెట్టారు? ఎక్కడైనా రాసుకున్నారా?"

"అవన్నీ రాయమండీ. పేషెంటును అడుగుతూనే చేస్తామండీ."

"దెందులూరు చెరువుల దగ్గర చేపలకు కూడా నీళ్ళ వేడి చూసి రాస్తారు. మనిషి చెంప అంతకంటే లోకువా?"

తెల్లకోటు అమ్మాయి మెల్లగా అంది. "నేను ప్రతిసారీ అడిగానండీ. పర్వాలేదన్నారండీ."

"నీది ఏ ఊరమ్మా?"

"పెంటపాడండీ."

"పెంటపాడు పిల్లవై ఉండి పర్వాలేదంటే నమ్మావా? మీ ఇంటికొచ్చిన చుట్టం ఇప్పుడే తిన్నామండీ అంటే, విస్తరి వెయ్యకుండా పంపించేస్తారా?"

ఆ అమ్మాయి తల దించుకుంది. ఆమె మీద నా కోపం అక్కడితో పోయింది. మేనేజరు మాత్రం చెల్లెలు సంతకం పెట్టిన కాగితం తీసి చూపించాడు. బోర్డు మీది డాక్టరుకు ఉత్తరం రాశాను. జవాబు లేదు. మళ్ళీ రాశాను. అదీ అంతే.

పండుగ నాటికి బొబ్బ చితికి, దవడ మీద నల్లటి చెక్కు కట్టింది. రానని చెల్లెలు మొండికేసింది. మా మరిదీ నేనూ బతిమాలి వెనక బెంచీలో కూర్చోబెట్టాం. కొంగు చెంపకు అడ్డం పెట్టుకుంది.

మైకు ఒక కుర్రాడికిచ్చారు. ఇస్త్రీ చొక్కా, మంచి గొంతు. పాపం, వాడు అందరి మాటా నమ్మాడు. "చాలండీ" అనగానే "థాంక్యూ అండీ" అని కొట్టేస్తున్నాడు. గెలలు పోయాయి, బియ్యం పోయాయి. కొర్రమేనుల బకెట్టు దగ్గర, మొదట పాడిన పెద్దాయన "పర్వాలేదండీ, వారినే తీసుకోనియ్యండి" అంటూ మెడ మాత్రం బకెట్టులోకే సాచి చూస్తున్నాడు. కుర్రాడు "ఒకటోసారి, రెండోసారి" అనేశాడు.

"ఆగు నాయనా!"

కొంగు వదిలేసి చెల్లెలు నడవలోకి వచ్చేసింది. మైకు అడగలేదు, వాడే ఇచ్చాడు. "తాతగారండీ, మెడ బకెట్టులో పెట్టి మాట పక్కవారికిస్తారేమిటండీ?" చర్చి గొల్లుమంది. పాట మళ్ళీ లేచింది.

కెమెరా ఆమె వైపు తిరిగింది. కాఫీ తాగి వెళ్ళిన ఆ కమిటీ పెద్దమనిషి దగ్గరగా వచ్చి, చెంప చూసి కంగారుపడ్డాడు. "అయ్యో, అదేమిటండీ? నొప్పేమీ లేదు కదండీ?"

చెల్లెలు ఆయన్ని ఒక్క క్షణం చూసింది. మైకు నోటి దగ్గరే ఉంది.

"చాలా నొప్పిగా ఉందండీ" అంది. తర్వాత బకెట్టు వైపు తిరిగి, "తాతగారండీ, ఇంతకీ మీ మాటేమిటి?" అని అడిగింది.